ఇక్కడ ఉండు, ఇక్కడ పని చెయ్యకు

పోర్చుగల్ ప్రభుత్వం 2022 అక్టోబర్ 30 నుంచి డి8 అని ఒక వీసా ఇస్తోంది, రిమోట్‌గా పనిచేసేవాళ్ళకీ ఫ్రీలాన్సర్లకీ. జనం నోట్లో దాని పేరు డిజిటల్ నోమాడ్ వీసా. అప్లై చేసేవాళ్ళని అడిగే ముఖ్యమైన ప్రశ్నలు రెండే. మీ నెల ఆదాయం మా కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉందా? ఆ ఆదాయం మా దేశం బయటినుంచే వస్తోందా? పోలీసు క్లియరెన్సు, ఇన్సూరెన్సు, ఉండబోయే ఇంటి అడ్రసు లాంటివి ఏ దేశమైనా అడిగేవే. 2025లో అక్కడి కనీస వేతనం 870 యూరోలు. నాలుగు రెట్లంటే 3,480. మన లెక్కలో మూడు లక్షల పైచిలుకు. పోర్చుగల్‌లో సగటు జీతం ఇందులో సగం అటూఇటూగా ఉంటుంది.

ఒక దేశం గుమ్మం దగ్గర నిలబడి ఏం అడుగుతుంది, ఏం అడగకుండా వదిలేస్తుంది అన్నది ఆఫీసు వ్యవహారం మాత్రమే కాదనిపిస్తుంది నాకు. ఆ ప్రశ్నల వెనక, ఈ వచ్చే మనిషి మనకి ఏమవుతాడు అన్న ఊహ ఒకటి ఉంటుంది. డి8 పక్కనే డి7 అని ఇంకో వీసా ఉంది. పింఛన్లు, ఇంటద్దెలు, డివిడెండ్లు, ఇలా కూర్చున్నచోటికి వచ్చే ఆదాయం ఉన్నవాళ్ళకి. దానికి కనీస వేతనమంత ఆదాయం చూపిస్తే చాలు. అంటే రోజుకి పది గంటలు లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషి నాలుగు రెట్లు చూపించాలి, అద్దెలమీద బతికే మనిషికి ఒక రెట్టు సరిపోతుంది. పని అన్నది ఇక్కడ గౌరవం తెచ్చిపెట్టే సంగతి కాదన్నమాట.

మిగతా దేశాలు కూడా ఇంచుమించు ఇదే పాట. స్పెయిన్ 2022 డిసెంబర్‌లో తెచ్చిన చట్టం ప్రకారం ఫ్రీలాన్సర్ స్థానిక కంపెనీలకి పని చేసుకోవచ్చు గానీ, అది మొత్తం పనిలో 20 శాతం దాటకూడదు. క్రొయేషియా 2021 నుంచి ఇస్తున్న పర్మిట్‌తో స్థానిక కంపెనీలకి అసలు పని చెయ్యకూడదు. గడువు ముగిశాక ఆరు నెలలు ఆగితే తప్ప మళ్ళీ ఇవ్వరు. 2020 ఆగస్టులో మొదలుపెట్టిన ఎస్టోనియా ఏడాదికి మించి ఇవ్వదు. ఈ నిబంధనలన్నిటినీ వడగడితే మిగిలేది ఒకే మాట. సంపాదన ఎక్కడో చేసుకో, ఖర్చు ఇక్కడ పెట్టు. ఇక్కడ ఉండు, ఇక్కడ పని చెయ్యకు.

ఈ మాటని తిరగేస్తే మనకి బాగా తెలిసిన ఇంకో మాట వస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయికో సౌదీకో పోయినవాళ్ళకి, కోనసీమ నుంచీ కడప జిల్లా నుంచీ కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళకి అది కంఠతా వచ్చు. ఇక్కడ పని చెయ్యి, ఇక్కడ ఉండకు. మంచం ఇస్తారు, క్యాంపులో. కానీ జీతం ఒక స్థాయి దాటితే తప్ప భార్యాపిల్లల్ని తెచ్చుకోనివ్వరు. పాతికేళ్ళు చాకిరీ చేసినా ఆ ఊరు నీదవదు. ఇకామా కఫీల్‌తో ముడిపడి ఉంటుంది. పని పోతే ఉండే హక్కూ పోతుంది.

ఈ ఇద్దరినీ ఒకే తక్కెట్లో వెయ్యడం అన్యాయం. లిస్బన్ కాఫీ షాపులో కూర్చుని జూమ్ కాల్ మాట్లాడే మనిషి కష్టం వేరు, నలభై అయిదు డిగ్రీల ఎండలో పరంజా మీద నిలబడ్డ మనిషి కష్టం వేరు. అయినా ఆ రెండు పర్మిట్ల కిందా ఉన్న ఆలోచన ఒక్కటే. మనిషిని రెండు ముక్కలు చెయ్యొచ్చు, మనకి కావలసిన ముక్కని మాత్రమే లోపలికి రానివ్వొచ్చు అని. ఒకరికి చేతులు కావాలి. ఇంకొకరికి పర్సు కావాలి.

మైకేల్ వాల్జర్ 1983లో ‘స్పియర్స్ ఆఫ్ జస్టిస్’ పుస్తకంలో మొదటి ముక్క గురించి రాశాడు. పశ్చిమ యూరప్ దేశాలు తెప్పించుకున్న అతిథి కార్మికుల్ని ఆయన ప్రాచీన ఏథెన్స్‌లోని మెటిక్‌లతో పోలుస్తాడు. మెటిక్ అంటే ఏథెన్స్‌లో స్థిరపడ్డ పరాయి ఊరివాడు. మగవాళ్ళయితే ఏడాదికి 12 డ్రాక్మాలు, ఒంటరిగా బతికే ఆడవాళ్ళయితే 6 డ్రాక్మాలు పన్ను కట్టాలి. ప్రత్యేక అనుమతి లేకుండా భూమి గానీ ఇల్లు గానీ కొనకూడదు. యుద్ధమొస్తే వెళ్ళాలి. ఓటు లేదు. స్టాగిరా నుంచి వచ్చిన అరిస్టాటిల్ కూడా ఏథెన్స్‌లో మెటిక్కే. మనిషి రాజకీయ జీవి అని సిద్ధాంతం చేసిన పెద్దమనిషికి తను పాఠం చెప్పిన ఊరి సభలో ఓటు లేదు. వాల్జర్ వాదన ఏమిటంటే, ఒక సమాజంలో పనిచేస్తూ, దాని చట్టాలకి లోబడి ఉంటూ, ఆ చట్టాల విషయంలో మాట చెల్లనివాళ్ళు కొంతమంది ఎప్పటికీ అలాగే ఉండిపోతే అది ప్రజాస్వామ్యం పేరుతో సాగే పెత్తనం. మనుషుల్ని తెచ్చుకుంటే పౌరసత్వానికి దారి కూడా తెరవాలి.

రిమోట్ పనివాడు ఈ పోలికలో పూర్తిగా ఇమడడు. ఏథెన్స్ పరాయివాడి దగ్గర అదనంగా పన్ను వసూలు చేసింది. ఇప్పటి దేశాలు రాయితీ ఇచ్చి పిలుస్తున్నాయి. స్పెయిన్‌లో బెకమ్ చట్టం అని పిలిచే పన్ను పద్ధతి ఒకటుంది, ఫుట్‌బాల్ ఆటగాడి పేరు మీద. జీతం ఆరు లక్షల యూరోల దాకా ఎంతున్నా 24 శాతం కడితే చాలు. 2022 చట్టం దాన్ని రిమోట్ ఉద్యోగులకి కూడా వర్తింపజేసింది. బాగా సంపాదించే స్పెయిన్ డాక్టరు పక్క ఫ్లాట్‌లోనే ఉంటూ అంతకన్నా చాలా ఎక్కువ రేటు మీద కడతాడు. పోర్చుగల్ కూడా 2009 నుంచి కొన్ని రకాల వృత్తులవాళ్ళకి పదేళ్ళపాటు 20 శాతం పన్నుతో సరిపెట్టింది, 2024లో ఆ తలుపు చాలావరకు మూసేసింది. కాబట్టి వాల్జర్ ప్రశ్నకి ఇక్కడ ఇంకో ప్రశ్న జతపడుతుంది. ఊరు మనిషికి ఏం బాకీ అని ఆయన అడిగాడు. ఊరికి మనిషి ఏం బాకీ అని కూడా అడగాలి.

*

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. కొండాపూర్‌లో ఉంటుంది. అమెరికా కంపెనీకి యాప్ డిజైన్లు చేసిపెడుతుంది. నెలకి నాలుగు లక్షలు వస్తాయి. ఇల్లు చూడ్డానికి వెళ్తే ఒక్కదానివేనా, ఏమిట్లు, నాన్‌వెజ్ వండుతావా అని అడుగుతారు. రాత్రి పదకొండింటికి కాసేపు నడిచొద్దామంటే కుదరదు. అమెరికా వెళ్దామంటే హెచ్1బి లాటరీ. డి8 ఫారంలో ఆ ప్రశ్నలేవీ లేవు. కులం అడగదు, పెళ్ళి ఎప్పుడని అడగదు. ఆదాయం అడుగుతుంది, అది తన దగ్గర ఉంది. ఈ అమ్మాయి వెళ్ళాలనుకోవడంలో తప్పు పట్టడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు. 1987లో జోసెఫ్ కేరెన్స్ రాసిన వ్యాసంలో, ధనిక దేశపు పౌరసత్వం పాతకాలపు జమీందారీ హక్కులాంటిదే అన్నాడు. పుట్టుకతో వస్తుంది, జీవితాంతం పనికొస్తుంది, దానికి న్యాయం చూపించడం కష్టం. నెదర్లాండ్స్‌లో చిన్న వ్యాపారం పెట్టుకుని ఉండిపోవడానికి అమెరికా పౌరుడికి 4,500 యూరోల పెట్టుబడి చాలు, 1956 నాటి స్నేహ ఒప్పందం పుణ్యమా అని. మన పాస్‌పోర్టుకి ఆ స్నేహం లేదు. దొరికిన తలుపులోంచి ఈ అమ్మాయి వెళ్తుంది.

వెళ్ళాక లిస్బన్‌లో నెలకి 1,400 యూరోలకి ఒక చిన్న ఫ్లాట్ దొరికిందనుకుందాం. తనకి అది పెద్ద మొత్తమేం కాదు. కనీస వేతనం తీసుకునే మనిషికి ఆ ఫ్లాట్ కలలోకి కూడా రాదు. 2023 ఏప్రిల్ 1న లిస్బన్‌లోనూ ఇంకొన్ని ఊళ్ళలోనూ వేలమంది ఇళ్ళ కోసం వీధుల్లోకి వచ్చారు. ఈ అద్దెలు పెరగడానికి రిమోట్ పనివాళ్ళు ఒక్కళ్ళే కారణం అనలేం. 2012లో అద్దె చట్టాన్ని సడలించి పాత కిరాయిదార్లని ఖాళీ చేయించడం తేలిక చేశారు. అదే ఏడాది, ఇల్లు కొన్నవాళ్ళకి నివాస హక్కు ఇచ్చే గోల్డెన్ వీసా తెచ్చారు. అల్ఫామా లాంటి పాత పేటల్లో ఇళ్ళు టూరిస్టుల గదులైపోయాయి. డి8 వచ్చేటప్పటికే మంట అంటుకుని ఉంది. కానీ మంటలో వేసిన ఆఖరి పుల్ల కూడా పుల్లే.

మనకిది తెలియని కథ కాదు. నానక్‌రాంగూడ, కోకాపేట ఒకప్పుడు పొలాలూ రాళ్ళగుట్టలూ ఉన్న ఊళ్ళు. ఐటీ జీతాలతో పాటు అక్కడ అద్దెలెలా పెరిగాయో, ఆ ఊళ్ళలో ముందునుంచీ కిరాయికి ఉన్నవాళ్ళు ఎక్కడికి జరిగారో మనలో ఎంతమంది కనుక్కున్నాం? తేడా ఒక్కటే. రాజమండ్రి నుంచో నల్లగొండ నుంచో గచ్చిబౌలి రావడానికి ఎవరి పర్మిటూ అక్కర్లేదు. దేశంలో ఎక్కడైనా నివసించే, స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. లిస్బన్‌లో అది హక్కు కాదు, అనుమతి. అనుమతి ఉంటే బాధ్యత తీరిపోయినట్టేనా అన్నదే అసలు సమస్య.

ఈ దగ్గర మన వాళ్ళు సాధారణంగా మూడు రకాల జవాబులు చెబుతారు. మొదటిది, నేను రూల్స్ ప్రకారమే వచ్చాను, టాక్స్ కడుతున్నాను, అద్దె ఇంటాయన అడిగింది ఇస్తున్నాను, ఇంకేం కావాలి? అద్దె పెరగడం ప్రభుత్వం చూసుకోవలసిన విషయం. ఇందులో సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, చట్టం వద్దనని ప్రతి పనీ మంచి పని కాదు. మన ఇళ్ళ ఓనర్లు కులం అడిగేటప్పుడు కూడా ఏ చట్టం ప్రకారం తప్పు అంటారు.

రెండోది ఇంకా సరదాగా ఉంటుంది. వాస్కో డ గామా 1498లో కాలికట్ వచ్చినప్పుడు ఎవరి వీసా తీసుకున్నాడు? గోవాలో 1510 నుంచి 1961 దాకా ఉన్నారు కదా, ఇప్పుడు మనం కొంచెం అద్దెలు పెంచితే ఏమైంది? నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ, ఆ బాకీ తీర్చాల్సింది ఎవరు? అల్ఫామాలో రెండు గదుల ఇల్లు ఖాళీ చెయ్యాల్సొచ్చిన ముసలమ్మ కాదు. ఆవిడ పూర్వీకులు ఓడల యజమానులు అయ్యుండే అవకాశం తక్కువ. నిజానికి ఈ విషయం మీద కాంట్ 1795లోనే ఒక మంచి గీత గీశాడు. భూమి గుండ్రంగా ఉంది, మనుషులు అనంతంగా దూరం జరిగిపోలేరు, కాబట్టి ఎక్కడికైనా వెళ్ళి పలకరించే హక్కు, వెళ్ళినచోట శత్రువులా చూడబడకుండా ఉండే హక్కు అందరికీ ఉంది అన్నాడు. ఉండిపోవడానికి మాత్రం విడిగా ఒప్పందం కావాలన్నాడు. ఆ గీత గీసింది యూరప్ వాళ్ళ నోరు మూయించడానికే. చుట్టపు చూపుగా వెళ్ళి ఊళ్ళు ఆక్రమించుకున్నారని ఆయన తన ఖండపు వర్తక రాజ్యాల్నే తిట్టాడు. ఆ గీత మనకీ వర్తిస్తుంది.

మూడో జవాబు సిగ్గుపడి ఆగిపోవడం. అసలు వెళ్ళకపోవడమే మంచిది అనడం. ఇది నాకు అన్నిటికన్నా బలహీనంగా కనిపిస్తుంది. తను వెళ్ళకపోతే ఆ ఫ్లాట్ ముసలమ్మకి తిరిగి రాదు, ఇంకో నాలుగు రెట్ల మనిషికి వెళ్తుంది. పైగా కొండాపూర్‌లో ఒంటరి అమ్మాయికి ఇల్లివ్వని సమాజం, యూరప్‌లో అద్దెల గురించి ఆమెకి నీతులు చెప్పడం బాగుండదు.

*

లిస్బన్‌లో రువా దు బెన్‌ఫొర్మోజు అని ఒక వీధి ఉంది. మార్తీమ్ మొనీజ్ కూడలి పక్కనే. బంగ్లాదేశీయుల దుకాణాలు, హలాల్ మాంసం కొట్లు, మన మసాలాల వాసన. 2024 డిసెంబర్ 19న పోలీసులు ఆ వీధిలో సోదా చేసి, దొరికినవాళ్ళని వరసగా గోడకి ముఖం పెట్టి, చేతులు ఎత్తించి నిలబెట్టారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. మూడు వారాల తర్వాత, మమ్మల్ని గోడకి నిలబెట్టొద్దు అంటూ వేలమంది ఊరేగింపు చేశారు. అందులో పోర్చుగీసువాళ్ళు చాలామంది ఉన్నారు.

అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం ఇంకో పని చేసింది. అప్పటిదాకా టూరిస్టుగా వచ్చినా, పని దొరికించుకుని, సోషల్ సెక్యూరిటీ కట్టి, ఉండనివ్వండి అని అర్జీ పెట్టుకునే వీలుండేది. పొలాల్లో కాయలు కోసేవాళ్ళు, ఫుడ్ డెలివరీ చేసేవాళ్ళు, హోటల్ వంటగదుల్లో గిన్నెలు తోమేవాళ్ళు ఎక్కువగా ఆ దారిలోనే వచ్చారు. నేపాల్, బంగ్లాదేశ్, మన పంజాబ్ మనుషులు. జూన్ 3న ఆ దారి మూసేశారు. అప్పటికే నాలుగు లక్షల ఫైళ్ళు పెండింగులో ఉన్నాయి. ఆ ఊరి ఆకలి తీర్చే పని చేసేవాళ్ళకి తలుపు మూసుకుంది. ఆ ఊరితో పనిలేనివాళ్ళకి తెరిచే ఉంది.

మన కొండాపూర్ అమ్మాయి ఆ రోజు కరివేపాకు కోసం ఆ వీధికి వెళ్ళి ఉంటే? పోలీసు కంటికి డి8 కనపడదు, ఒంటిరంగు కనపడుతుంది. కార్డు తీసి చూపిస్తే బహుశా వదిలేస్తారు. ఆ క్షణంలో తను ఏం ఫీలవ్వాలి? అమ్మయ్య, నేను వీళ్ళలాంటిదాన్ని కాదు అనా? అలా అనుకోవడం చాలా సహజం. విదేశాల్లో చదువుకున్న భారతీయులు, మేం లీగల్‌గా వచ్చాం అని ఒక గీత గీసుకుని దాని ఇవతల నిలబడ్డం మామూలే. కానీ ఆ గీత గీసింది ఏమిటో చూడండి. ఆమె పని ఆ ఊరికి అక్కర్లేదు, గోడవైపు తిరిగిన అబ్బాయి పని కావాలి. ఆ ఊరికి ఎవరు ఎక్కువ ఉపయోగపడుతున్నారు అని లెక్క వేస్తే తన కార్డు అతనికీ అతని గోడ తనకీ రావాలి. ఆమె తప్పేమీ లేదు. కానీ తనకి దక్కిన మర్యాద తన యోగ్యతవల్ల వచ్చిందని మాత్రం అనుకోకూడదు. నివాసం గురించి మొదటి నైతిక బాధ్యత ఇదే అనుకుంటాను. నీ కార్డు నీ గొప్పతనానికి సర్టిఫికెట్ కాదని గుర్తుంచుకోవడం.

రెండోదానికి మళ్ళీ మన ఊరికి రావాలి. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ ఉద్యోగాలకి ముల్కీ నిబంధనలు ఏర్పరిచారు. బయటివాడు ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళు రాజ్యంలో స్థిరంగా ఉండాలి. అది చాలదు. తన సొంతూరికి తిరిగి వెళ్ళే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ నిబంధనల చుట్టూ 1952లోనూ ఆ తర్వాతా ఎంత రక్తం పారిందో తెలంగాణలో అందరికీ తెలుసు, ఆ చర్చ ఇక్కడ వద్దు. నన్ను ఆపేది ఆ ప్రమాణం. ఒక ఊరివాడివి అవడమంటే ఇంకో ఊరిని వదులుకోవడం అన్న ఊహ. ఇవాళ అది మరీ కర్కశంగా అనిపిస్తుంది. అమ్మానాన్నల్ని ఏలూరులో వదిలి వచ్చిన మనిషిని, తిరిగి వెళ్ళనని ఒట్టెయ్యమని ఎవరూ అడగకూడదు. కానీ ఆ ప్రమాణపత్రం ఒక ప్రశ్న అడిగింది. నీకు ఈ ఊరితో ఏమైనా ముడి ఉందా? డి8 ఆ ప్రశ్న అడగదు. అడగకపోవడం స్వేచ్ఛలా కనిపిస్తుంది, కొంతవరకు స్వేచ్ఛే. ఇంకోరకంగా చూస్తే, నీతో మాకు పని లేదు అని మర్యాదగా చెప్పడం కూడా.

జర్మనీ ఈ విషయంలో భిన్నంగా ఉంటుంది. దానికి డిజిటల్ నోమాడ్ వీసా లేదు. ఫ్రీలాన్సర్లకి మాత్రం నివాస చట్టం 21వ సెక్షన్ కింద పర్మిట్ ఉంది. బెర్లిన్‌లో దానికి వెళ్ళే రచయితలూ అనువాదకులూ డిజైనర్లూ, నీతో పని చేయించుకుంటాం అని అక్కడి క్లయింట్లు ఇచ్చిన ఉత్తరాలు పట్టుకెళ్తారు. వయసు 45 దాటితే, ముసలితనంలో ఎలా బతుకుతావో కూడా చూపించాలి. విసుగు పుట్టించే కాగితాలు. కానీ ఆ విసుగులో ఒక గుర్తింపు ఉంది. నువ్విక్కడ ఎవరికి కావాలి? ఇక్కడే ముసలివాడివైతే ఎలా? పని అంటే జీతమొక్కటే కాదు కదా. మనకోసం ఎదురుచూసేవాళ్ళూ, మనమీద చిరాకుపడేవాళ్ళూ, సెలవు పెడితే ఫోన్ చేసేవాళ్ళూ పనివల్లే ఏర్పడతారు. ఊరితో ముడి చాలామందికి అక్కడే పడుతుంది. డి8 మనిషికి ఆ దారి లేదు. బాసు కాలిఫోర్నియాలో, అమ్మ ఏలూరులో, కింద ఫ్లోరులో ఎవరుంటారో తెలియదు.

కాబట్టి ఆ ముడి తనే వేసుకోవాలి, ఎవరూ అడగకపోయినా. ఇవి పెద్ద త్యాగాలేం కావు. టూరిస్టు గదిని నెలలకి నెలలు తీసుకునే బదులు, రిజిస్టరైన అగ్రిమెంటుతో మామూలు అద్దె ఇల్లు తీసుకోవడం. రసీదు లేకుండా నగదు ఇస్తే తగ్గిస్తానన్న ఓనరుకి వద్దని చెప్పడం. పన్ను రాయితీ దొరికింది కదా అని ఆ ఊరి బస్సులూ ఆసుపత్రులూ నడిచేది పన్నులతోనే అన్నది మర్చిపోకపోవడం. అద్దెదారుల సంఘం మీటింగు ఉంటే వెళ్ళి వెనక కూర్చోవడం. పోర్చుగల్ స్థానిక ఎన్నికల్లో కొన్ని దేశాలవాళ్ళకి ఓటుంది, మనకి లేదు. ఓటు లేకపోయినా వెనక కూర్చోవచ్చు. అరిస్టాటిల్ కూడా ఓటు లేకుండానే ఆ ఊరి రాజ్యాంగాన్ని చదివాడు.

అన్నిటికన్నా ముందు భాష. డి8కి పోర్చుగీసు ఒక్క ముక్క రానక్కర్లేదు. కానీ అయిదేళ్ళయ్యాక శాశ్వత నివాసం కావాలంటే ఆ భాష కొద్దిగానైనా వచ్చని రుజువు చూపించాలి. ప్రాథమిక స్థాయి చాలు. పక్కింటివాళ్ళని పలకరించడం, కొట్లో బేరం, డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పడం, అంతవరకు. మొదటి రోజు అడగని ప్రశ్న అయిదో ఏట అడుగుతారు. అప్పటిదాకా ఆగడమా, దిగిన వారానికే కింద ఫ్లోరు తలుపు తట్టి మొదలుపెట్టడమా అన్నది ఆ అమ్మాయి ఇష్టం. చట్టం దృష్టిలో రెండూ ఒకటే. కింద ఫ్లోరు వాళ్ళ దృష్టిలో కాదు.